ఖరీదైన క్లాసికల్ గిటార్ అమ్మే ముందు చూసుకోవాల్సినవి

ఎండాకాలం మొదలైందంటే మన దగ్గర ఇళ్ళు ఖాళీ చేయడాలు, బదిలీలు, ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళే పిల్లల సామాను సర్దుడు, అన్నీ ఒకేసారి మొదలవుతాయి. ఇంట్లో గిటార్ ఉంటే అదీ అమ్మకానికి పెడతారు. పదివేల గిటారైతే ఎవరొచ్చి ఎంతిస్తే అంతకి ఇచ్చేసి వెళ్ళినా పెద్ద నష్టం లేదు. కానీ స్పెయిన్‌లోనో జపాన్‌లోనో ఒక పనివాడు నెలల తరబడి చేత్తో చేసిన గిటార్, రెండు లక్షలో అయిదు లక్షలో పలికేది, అమ్మాలంటే మాత్రం మీ తొందరే మీకు మొదటి గండం. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. ఇలాంటి గిటార్ విలువ తెలిసి కొనేవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో చాలా తక్కువ మంది, వాళ్ళని వెతకడానికే టైం పడుతుంది. టికెట్ బుక్ అయ్యాక అమ్ముతున్నారని తెలిస్తే కొనేవాళ్ళు చివరి వారం దాకా ఆగుతారు, ధర వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోతుంది.

అన్నిటికన్నా ముందు గిటార్ ఆరోగ్యం. ఇవి పూర్తిగా కలపతో చేసినవి, ప్లైవుడ్ కాదు, పైచెక్క మందం రెండు మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే ఆ కలప హాయిగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం కంటే కిందికి పడిపోతుంది, దానికి తోడు ఏసీ. కలప ఎండి కుంచించుకుపోతుంది కానీ గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే సన్నటి పట్టీలు, అంటే ఫ్రెట్లు, లోహం కదా, అవి అంతే ఉంటాయి. మెడ పక్కన వేలు జార్చి చూడండి, ఫ్రెట్ల చివర్లు గరుగ్గా గుచ్చుకుంటుంటే గిటార్ ఎండిపోతోందని అర్థం. ఆ తర్వాత పైచెక్క కొంచెం పల్లంగా కుంగుతుంది, ఇంకా పట్టించుకోకపోతే బ్రిడ్జి (పైచెక్క మీద తీగలు కట్టే ముక్క) కింద చెక్క నారవెంట సన్నగా, వెంట్రుక లాంటి పగులు వస్తుంది. ఆ ఒక్క పగులు అమ్మకం ధరలో పెద్ద ముక్కే కోసేస్తుంది. తేమ కొలిచే హైగ్రోమీటర్, కొన్ని వందల రూపాయలది, ఒకటి కేసులో పెట్టండి, పొడిగా ఉంటే గిటార్ కోసం చేసిన, తేమనిచ్చే హ్యుమిడిఫైయర్ వాడండి. తడి గుడ్డ నేరుగా లోపల పడేయకండి. విశాఖ, కాకినాడ వైపు వాళ్ళకి సమస్య తిరగబడి ఉంటుంది, అక్కడ తేమ ఎక్కువై పైచెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, వాయించడం కష్టమవుతుంది, చూసేవాళ్ళు మెడ వంగిపోయిందనుకుంటారు.

ఎండలో తలుపులు వేసిన కారులో గిటార్ వదలొద్దు, పది నిమిషాలే కదా అని కూడా అనుకోవద్దు. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. నైలాన్ తీగలే అయినా ఆరూ కలిపి దాదాపు 40 కిలోల బరువుతో బ్రిడ్జిని లాగుతుంటాయి, జిగురు మెత్తబడితే అది ఊడి వచ్చేస్తుంది.

అమ్మే ముందు మెరిపించాలనే ఆత్రంతో పాలిష్ జోలికి వెళ్ళకండి. ఖరీదైన క్లాసికల్ గిటార్లలో చాలావాటికి ఫ్రెంచ్ పాలిష్ ఉంటుంది, అంటే లక్కని పలచగా పొరలు పొరలుగా గుడ్డతో రుద్ది వేసినది. దానికి చెమట, శానిటైజర్, స్పిరిట్ ఏదీ పడదు. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. బజార్లో దొరికే ఫర్నిచర్ పాలిష్ కొట్టడం, పగులు కనిపిస్తే మనమే సూపర్ గ్లూ పోయడం, వీధి చివర ఫర్నిచర్ షాపులో కొత్తగా పాలిష్ చేయించడం, ఈ మూడూ గిటార్ విలువని చంపేస్తాయి. పాత గీతలు ఉన్నా ఫర్వాలేదు, అసలు పాలిష్ పోతే తిరిగి రాదు.

తర్వాత, మీ దగ్గర ఉన్నది ఏమిటో మీకే స్పష్టంగా తెలియాలి. సౌండ్ హోల్‌లోంచి లైట్ వేసి లేబుల్ చదవండి: చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం, నంబర్, సంతకం. పెద్ద పేరు కనపడగానే పెద్ద ధర అనుకోవద్దు. ఒకే పేరుతో చౌక విద్యార్థి మోడళ్ళూ ఉంటాయి, కచేరీ మోడళ్ళూ ఉంటాయి, వాటి మధ్య ధర తేడా చాలా ఎక్కువ. లేబుల్ మార్చేసిన గిటార్లు కూడా తిరుగుతుంటాయి కాబట్టి కొనేవాళ్ళు అనుమానంగానే చూస్తారు, చూడనివ్వండి. మీరు కొన్నప్పటి బిల్లు, ఈమెయిల్, కస్టమ్స్ కట్టిన రసీదు, రిపేరు చేయించిన కాగితాలు ఏవి ఉన్నా ఒక ఫైలులో పెట్టండి. బిల్లు లేని గిటార్‌కి ఇది ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది.

స్కేల్, అంటే మోగే తీగ పొడవు, కూడా కొలవండి. నట్ (మెడ పైచివర తీగలు ఆనే ముక్క) నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేస్తే సరి, 325 మిల్లీమీటర్లు వస్తే 650 స్కేల్. మాడ్రిడ్‌లో గిటార్లు చేసే రమీరెస్ వర్క్‌షాప్ 1960ల్లో సెడార్ కలప పైచెక్కతో పాటు 664 స్కేల్‌ని ప్రచారంలోకి తెచ్చింది, ఆ కాలపు గిటార్లు అద్భుతంగా మోగుతాయి. అయినా ఈరోజు ఎక్కువమంది 650 కావాలంటారు, ఎడమ చేతికి శ్రమ తక్కువ. మీది 664 అయితే ముందే చెప్పండి. అంత దూరం ప్రయాణం చేసి వచ్చాక చెయ్యి అందడం లేదని వెనక్కి వెళ్ళిపోతే ఇద్దరికీ బాధ.

ధర విషయంలో కొత్త గిటార్ ధర చూసి లెక్క కట్టొద్దు. అదే పనివాడి పాత గిటార్లు విదేశీ డీలర్ల దగ్గర ఎంతకి పెట్టారో కాదు, ఎంతకి అమ్ముడుపోయాయో చూడండి. దాంట్లోంచి డీలర్ కమిషన్ తీసేస్తే మీరు అడగదగిన ధర దగ్గరికి వస్తారు. నచ్చని ధర రావొచ్చు. మీకు అదంటే ఉన్న ప్రేమకి మాత్రం ఎవరూ డబ్బివ్వరు.

ఫొటోలు పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. అందమైన ఫొటో ఒక్కటి చాలు, మిగతావన్నీ లోపాలవే ఉండాలి. బ్రిడ్జి వెనక అంచు దగ్గరగా (అక్కడ సన్నటి కాగితం దూరుతోందంటే బ్రిడ్జి లేస్తోందన్నమాట), ఫ్రెట్ల అరుగుదల, గోళ్ళు తగిలిన గీతలు, పాత పగులు అతికించిన చోటు లోపలి నుంచి, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగల ఎత్తు కొలబద్ద పెట్టి. మొదటి తీగ 3, ఆరో తీగ 4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మామూలే. లోపం దాచి అమ్మితే అది ఎలాగూ బయటపడుతుంది, ఇంత చిన్న లోకంలో మీ పేరు పోతే రెండోసారి ఎవరూ ఫోన్ ఎత్తరు. పైగా సరిగ్గా అతికించిన పగులుకి ఎవరూ భయపడరు, చెప్పకుండా ఉన్న పగులుకే భయపడతారు.

చూడటానికి వచ్చేవాళ్ళని పగలు రమ్మనండి, ఇంట్లో ఇంకొకరు ఉండేలా చూసుకోండి. వాయించే ముందు బెల్టు బకిల్, వాచీ, ఉంగరాలు, జిప్ ఉన్న జాకెట్ తీయమని అడగడానికి మొహమాటపడొద్దు, తెలిసినవాళ్ళు అడక్కుండానే తీస్తారు. ఎవరైనా దీనికి స్టీల్ తీగలు వేసుకోవచ్చా అని అడిగితే ఓపికగా వద్దని చెప్పండి: స్టీల్ తీగల లాగుడు దాదాపు రెట్టింపు, పైచెక్కే లేచిపోతుంది. ఆ ప్రశ్న అడిగిన మనిషికి నిజానికి వేరే గిటార్ కావాలి. మీ అసలు కొనుగోలుదారు సంగీతంలో గ్రేడ్ పరీక్షలు దాటిన విద్యార్థి, టీచర్, లేదా బెంగళూరు, చెన్నై, కోల్‌కతా, గోవాల్లో ఎక్కడో ఉన్న వాయిద్యకారుడు. ముందుగా టీచర్లకి చెప్పండి, వాళ్ళకి ఎవరి చెయ్యి ఏ గిటార్ కోసం చూస్తోందో తెలుస్తుంది.

ఇక డబ్బు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు కాబట్టి నిదానంగా చదవండి. గిటార్ చూడకుండానే, బేరం కూడా ఆడకుండా, ఆర్మీలో పనిచేస్తున్నాను, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, ఇప్పుడే డబ్బు పంపుతా, క్యూఆర్ స్కాన్ చేయండి అంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. మనకి డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతున్నట్టే. పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది వెనక్కి పంపండి అన్నా అదే మోసం. స్క్రీన్‌షాట్ నమ్మొద్దు, వచ్చిన మెసేజ్‌నీ నమ్మొద్దు, మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి ఖాతాలో బ్యాలెన్స్ చూసుకోండి. ఇంత మొత్తానికి ఆర్టీజీఎస్ మంచిది, రెండు లక్షలు, ఆపైన ఎంతైనా ఒకేసారి వస్తుంది, సెలవు రోజు కూడా పనిచేస్తుంది. చెక్కు ఇస్తే అది క్లియర్ అయ్యేదాకా గిటార్ గడప దాటకూడదు. రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకండి, ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు. ఒకవేళ మోసపోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని ఆపే అవకాశం అంత ఎక్కువ.

అమ్మిన రోజున ఒక కాగితం రాసుకోండి, రెండు కాపీలు: గిటార్ పేరు, నంబర్, సంవత్సరం, మీరు చెప్పిన లోపాలు, మొత్తం, చెల్లింపు నంబర్, చూసి వాయించి తీసుకున్నానని వాళ్ళ సంతకం. వేరే ఊరివాళ్ళకైతే చేరాక 48 గంటలు వాయించి చూసే గడువిస్తే నమ్మకం కుదురుతుంది, కానీ వెనక్కి పంపే ఖర్చు ఎవరిది, దారిలో దెబ్బతింటే ఎవరిది అన్నది ముందే రాసుకోండి.

కొరియర్ ఆఖరి మార్గం. కొనేవాళ్ళే వచ్చి తీసుకెళ్తే అంతకన్నా మంచిది లేదు, టికెట్ ఖర్చు ధరలో తగ్గించినా నష్టం లేదు. పంపక తప్పకపోతే హార్డ్ కేసు ఉండాల్సిందే. తీగలు పూర్తిగా విప్పకుండా కొంచెం వదులు చేయండి. తల భాగం కింద, మెడ కింద నలిపిన కాగితమో గుడ్డో కుక్కండి, ఎందుకంటే కేసు వెల్లకిలా పడితే బరువైన తల విరిగేది అక్కడే. కేసు మూసి అటూ ఇటూ ఊపితే లోపల చప్పుడు రాకూడదు. బబుల్ ర్యాప్ పాలిష్‌కి తగలనివ్వకండి, ఈ వేడిలో దాని బుడగల అచ్చులు పడిపోతాయి, పాత కాటన్ చీర ముక్క చుట్టండి. కేసుని మళ్ళీ పెద్ద అట్టపెట్టెలో చుట్టూ మెత్తతో పెట్టండి, ఇదంతా వీడియో తీయండి. బుకింగ్ కాగితం మీద ‘ఓనర్స్ రిస్క్’ అని ఉంటే విరిగినా వాళ్ళకి సంబంధం లేదన్నట్టే, ‘క్యారియర్స్ రిస్క్’ కట్టండి లేదా విడిగా ఇన్సూరెన్స్ తీసుకోండి. వచ్చిన వెంటనే కేసు తెరవకుండా కొన్ని గంటలు గదిలో అలాగే ఉంచమని అవతలివాళ్ళకి చెప్పండి.

షాపులో అమ్మకానికి ఉంచేట్టయితే కమిషన్ ఎంత, అమ్మాక ఎన్ని రోజుల్లో డబ్బిస్తారు, షాపులో పగిలితే బాధ్యత ఎవరిది అన్నవి రాతలో తీసుకోండి. విదేశానికి అమ్ముతుంటే కలప ఏమిటో తేల్చుకోండి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) లోని అత్యంత కఠినమైన జాబితాలో ఉంది, అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటిస్తే కస్టమ్స్ వాళ్ళు స్వాధీనం చేసుకోవచ్చు. ఇండియన్ రోజ్‌వుడ్ గిటార్లకి 2017లో వచ్చిన సైటీస్ అనుమతి నిబంధనని, తయారైన వాయిద్యాల వరకు 2019 నవంబరులో సడలించారు. అయినా కలప పేరు రాసి ఉన్న పాత బిల్లు ఉంటే గిటార్‌తో పాటే పంపండి.