రాసింది తిరిగి చదివితే సరిపోదు: బైనరీ పార్సర్‌కు యూనిట్ టెస్టులు

బైనరీ పార్సర్ అంటే అక్షరాలుగా కాక నేరుగా బైట్లుగా ఉన్న డేటాను చదివే కోడ్. బైనరీ ఫార్మాట్‌కు టెస్ట్ అనగానే చాలామంది రాసేది ఒకటే: ఆబ్జెక్ట్‌ను బైట్లుగా మార్చి, మళ్లీ చదివి, రెండూ ఒకటేనా అని చూడటం. అది ఉండాల్సిందే, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. రాసే కోడూ చదివే కోడూ ఒకే తప్పు చేస్తే ఆ టెస్ట్ పాసవుతుంది. 13 అనే సంఖ్య నాలుగు బైట్లలో 0 0 0 13 అని ఉండాల్సిన చోట 13 0 0 0 రాసి, అలాగే తిరగేసి చదివితే మన దగ్గర అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఫైల్ మాత్రం ఇంకే ప్రోగ్రామ్‌లోనూ తెరుచుకోదు.

కాబట్టి మొదటి టెస్ట్‌కు బైట్లను స్పెసిఫికేషన్ చూసి చేత్తో టైప్ చేయండి. మన కోడ్ ఔట్‌పుట్‌నే తెచ్చి అతికిస్తే ఉన్న తప్పుకు ముద్ర వేసినట్టే.

పీఎన్‌జీ ఇమేజ్ ఫార్మాట్‌నే తీసుకోండి. ఫైల్‌లోని ప్రతి చంక్‌లో, అంటే ముక్కలో, 4 బైట్ల పొడవు, 4 బైట్ల రకం, డేటా, 4 బైట్ల సీఆర్‌సీ (డేటా చెడిందేమో పట్టే తనిఖీ సంఖ్య) వరుసగా ఉంటాయి. సంఖ్యలన్నీ బిగ్ ఎండియన్, అంటే పెద్ద విలువ ఉన్న బైటు ముందు వస్తుంది. చివరి చంక్ ఐఈఎన్‌డీలో డేటా ఉండదు, మొత్తం 12 బైట్లే. డెసిమల్‌లో: 0 0 0 0, 73 69 78 68, 174 66 96 130. సీఆర్‌సీని రకం, డేటాల మీదే లెక్కకట్టాలి, పొడవును కలపకూడదు. పొరపాటున కలిపితే ఈ 12 బైట్ల టెస్ట్ వెంటనే పట్టేస్తుంది.

టెస్ట్ విలువల ఎంపికలోనే సగం పని ఉంది. 0ను ఎటు తిప్పినా 0నే. 16909060 వాడితే బైట్లు 1 2 3 4 అవుతాయి, వరుస తప్పితే దాక్కోలేదు. చిత్రం కొలతలుండే తొలి చంక్ ఐహెచ్‌డీఆర్ డేటాకు వెడల్పు 258, ఎత్తు 772, బిట్ డెప్త్ 8, రంగు రకం 2, కంప్రెషన్ 0, ఫిల్టర్ 0, ఇంటర్‌లేస్ 1 ఇవ్వండి. రావాల్సిన 13 బైట్లు: 0 0 1 2 0 0 3 4 8 2 0 0 1. వెడల్పు, ఎత్తు తారుమారైనా ఇక్కడే బయటపడుతుంది. చదివే వైపు 200 లాంటి బైటు ఒకటి తప్పక పెట్టండి. సైన్డ్‌గా, అంటే రుణ సంఖ్యలూ ఉండే రకంగా చదివితే అది -56 అవుతుంది.

తర్వాత తెగిపోయిన డేటా. ఆ 12 బైట్ల చంక్‌ను 0 నుంచి 11 వరకు ప్రతి పొడవు దగ్గరా కోసి పార్సర్‌కు ఇవ్వండి. పన్నెండు సార్లూ మీరు నిర్వచించిన ఎర్రరే రావాలి. పైథాన్‌లో ఇది మరీ ముఖ్యం: బైట్లలోంచి ఒక భాగాన్ని తీసే స్లైస్ హద్దు దాటితే ఎర్రర్ ఇవ్వదు, ఉన్నంతే ఇస్తుంది, ఖాళీ బైట్లను, బైట్లను సంఖ్యగా మార్చే ఇంట్ డాట్ ఫ్రమ్ బైట్స్‌కు ఇస్తే 0 అంటుంది. అంటే ఖాళీ ఫైల్ కూడా సున్నా పొడవున్న చంక్‌లా కనిపించే ప్రమాదం ఉంది.

అదే చంక్‌లోని 96 బిట్లను ఒక్కొక్కటిగా తిప్పి (0ను 1గా, 1ని 0గా మార్చి) చూడండి. రకంలోనో సీఆర్‌సీలోనో తిప్పితే సీఆర్‌సీ కుదరదు, పొడవులో తిప్పితే డేటా చాలదు. 96 సార్లూ తిరస్కరించాలి. పొడవు చూడగానే మెమరీ కేటాయించే పార్సర్ ఇక్కడే గిగాబైట్లు అడుగుతుంది. మిగిలిన బైట్లు ఎన్నో ముందు సరిచూసి, ఆ తర్వాతే కేటాయించాలి.

నెట్‌వర్క్ సాకెట్ నుంచి చదివే కోడైతే, అడిగినదానికన్నా తక్కువ బైట్లు రావడం మామూలే. ప్రతిసారీ ఒక్క బైటే ఇచ్చే నకిలీ స్ట్రీమ్ రాసి దాని మీద కూడా ఇవే టెస్టులు నడపండి.

నమూనా ఫైళ్లను రిపాజిటరీలో పెడితే గిట్ యాట్రిబ్యూట్స్ (.gitattributes) ఫైల్‌లో వాటిని బైనరీగా ప్రకటించండి. పీఎన్‌జీ తొలి 8 బైట్లు 137 80 78 71 13 10 26 10. లైన్ ఎండింగ్‌లను (10 లేదా 13 10 బైట్లను) మార్చే సెట్టింగ్ వీటి మీద పడితే 10లు 13 10గానో, 13 10 వట్టి 10గానో మారిపోతాయి. ఒకరి మెషిన్‌లో పాసై ఇంకొకరి దగ్గర ఫెయిలయ్యే టెస్ట్ కనిపిస్తే ముందు ఆ 8 బైట్లను ప్రింట్ చేసి చూడండి.