అమెరికాలో కరెంటు, గ్యాస్ పైప్‌లైన్ కంపెనీల ప్రభుత్వ రిపోర్టులు: కొత్తగా చేరినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి

అమెరికా కరెంటు కంపెనీలోనో గ్యాస్ పైప్‌లైన్ కంపెనీలోనో రెగ్యులేటరీ రిపోర్టింగ్ టీమ్‌లో చేరగానే మీ చేతికి పోయినేడాది ఫైలు ఇస్తారు. "ఇదే ఫార్మాట్, అంకెలు మార్చి వేసేయండి" అంటారు. అలా వేసేస్తే వెళ్లిపోతుంది కూడా, సిస్టమ్ ఆపదు. మూడేళ్ల తర్వాత ఏ ఆడిటరో ఏ కస్టమర్ తరఫు లాయరో ఒక లైను పట్టుకుని "ఇది ఈ ఖాతాలోకి ఎందుకొచ్చింది" అని అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది మాత్రం మీరే. అందుకే ముందే చెప్తున్నా, ఫామ్ నింపడం చివరి పని. అసలు రిపోర్టు బిల్లుకి ఖాతా నంబరు వేసిన రోజే సగం తయారైపోతుంది.

ముందు ఎవరు అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు అన్నది బుర్రలో పెట్టుకోండి. ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్, అందరూ ఫెర్క్ అంటారు, అది రేట్ల కోసం అడుగుతుంది: ఎంత ఖర్చు పెట్టారు, ఎంత లాభం చేస్తున్నారు, కస్టమర్ల దగ్గర ఎక్కువ గుంజుతున్నారా అని. ఫిమ్సా, అంటే రవాణా శాఖలో పైప్‌లైన్ భద్రత చూసే సంస్థ, ఎన్ని మైళ్ల పైపు ఉంది, ఎప్పటిది, ఎక్కడ లీకైంది అని అడుగుతుంది. ఇంధన శాఖలోని ఇఐఎ గణాంకాల కోసం అడుగుతుంది. ఇవి కాక రాష్ట్రాల కమిషన్లు వేరే, వాటి గొడవ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇక్కడ ముట్టుకోవట్లేదు. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ముగ్గురికి మూడు నిర్వచనాలతో అంకెలు ఇస్తుంది, అవి తేడాగా ఉండటం తప్పు కాదు, ఎందుకు తేడా ఉందో మీకు తెలియకపోవడమే తప్పు.

మీ కంపెనీ ఏ ఫామ్ కిందకి వస్తుంది

ముందు ఫెర్క్ వార్షిక రిపోర్టులు. కరెంటుకి ఫామ్ 1. గత మూడేళ్లలో ప్రతి ఏడూ ఈ నాలుగిట్లో ఏదో ఒకటి దాటితే మీరు "మేజర్": మొత్తం అమ్మకాలు 10 లక్షల మెగావాట్-అవర్లు, లేదా తిరిగి అమ్మేవాళ్లకు అమ్మింది 100 మెగావాట్-అవర్లు, లేదా ఎక్స్ఛేంజ్ (కరెంటుకి కరెంటు మార్పిడి) కింద ఇచ్చింది 500, లేదా ఇతరుల కరెంటు మీ లైన్ల మీద మోసింది 500. మొదటి అంకె పెద్దదిగా కనిపిస్తుంది కానీ మిగతా మూడూ చాలా చిన్నవి, "మాది చిన్న కంపెనీ కదా" అనుకునేవాళ్లు దొరికిపోయేది అక్కడే. మేజర్ కాకపోతే ఫామ్ 1-ఎఫ్.

గ్యాస్‌కి ఫామ్ 2: ఫీజు తీసుకుని రవాణా చేసినదీ నిల్వ చేసినదీ కలిపి గత మూడేళ్లలో ప్రతి ఏడూ 5 కోట్ల డెకాథెర్మ్‌లు దాటిన అంతర్రాష్ట్ర పైప్‌లైన్లకి. అంతకు తగ్గి 2 లక్షల డెకాథెర్మ్‌లు దాటితే ఫామ్ 2-ఎ. డెకాథెర్మ్ అంటే 10 లక్షల బీటీయూలు (వేడిని కొలిచే యూనిట్), గ్యాస్ నాణ్యతని బట్టి దాదాపు వెయ్యి ఘనపు అడుగులు. క్రూడ్, పెట్రోల్ లాంటివి మోసే ఆయిల్ పైప్‌లైన్లకి ఫామ్ 6, అక్కడ కొలబద్ద ఘనపరిమాణం కాదు, ఫెర్క్ పరిధిలోకి వచ్చే ఆదాయం 5 లక్షల డాలర్లు.

ఊళ్లో ఇళ్లకి గ్యాస్ ఇచ్చే డిస్ట్రిబ్యూషన్ కంపెనీకి మామూలుగా ఫామ్ 2 ఉండదు, 1938 నాటి నేచురల్ గ్యాస్ చట్టం ఆ పనిని ఫెర్క్ పరిధి నుంచి తప్పించింది. కానీ ఏడాదికి 22 లక్షల డెకాథెర్మ్‌లకు మించి హోల్‌సేల్‌గా కొన్నా అమ్మినా ఫామ్ 552 మీద పడొచ్చు. దీన్ని చాలామంది మర్చిపోతారు, ఎందుకంటే ఇది అకౌంట్స్ వాళ్ల దగ్గర కాకుండా గ్యాస్ కొనే డెస్క్ దగ్గర ఉంటుంది.

తేదీలు

ఫామ్ 1, ఫామ్ 2, ఫామ్ 2-ఎ, ఫామ్ 6 అన్నీ ఏప్రిల్ 18. ఫామ్ 552, గ్రూపులోని మిగతా కంపెనీలకి పనులు చేసిపెట్టే సర్వీస్ కంపెనీలు వేసే ఫామ్ 60 మే 1. కరెంటు, గ్యాస్ వాళ్లకి మొదటి మూడు త్రైమాసికాలకి ఫామ్ 3-క్యూ ఉంటుంది, మేజర్లకి త్రైమాసికం ముగిసిన 60 రోజులు, మిగతావాళ్లకి 70 రోజులు. నాలుగోదానికి వేరే ఫామ్ లేదు, వార్షికంలోనే కలిసిపోతుంది. ఫిమ్సా గ్యాస్ వార్షిక రిపోర్టు మార్చి 15, ప్రమాదకర ద్రవాల పైప్‌లైన్లకి జూన్ 15. ఇఐఎ ఫామ్ 176 మార్చి 1. ఫెర్క్ గడువు శని, ఆదివారాల్లో పడితే తర్వాతి పనిరోజుకి జరుగుతుంది, అయినా దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి.

క్యాలెండర్‌లో గడువు తేదీ రాసుకోవడం పెద్ద ఉపయోగం లేదు. ప్రతి పేజీకీ అంకె ఇవ్వాల్సిన మనిషి పేరు రాసుకోండి. ఫామ్ 1లో టాక్స్ టీమ్, ఆస్తుల అకౌంటింగ్, హెచ్‌ఆర్, ట్రాన్స్‌మిషన్, ఇంధన కొనుగోలు, లీగల్ అందరి డేటా ఉంటుంది, ఏప్రిల్ 10న వాళ్లని అడిగితే వాళ్లకి మీ కంటే ముఖ్యమైన పనులు బోలెడు ఉంటాయి. జనవరిలోనే అడగండి.

అసలు విషయం: ఖాతాలు

ఫెర్క్‌కి తన సొంత ఖాతాల పద్ధతి ఉంది, యూనిఫామ్ సిస్టమ్ ఆఫ్ అకౌంట్స్. ఫెడరల్ నిబంధనల 18వ టైటిల్‌లో కరెంటుకి 101వ భాగం, గ్యాస్‌కి 201, ఆయిల్‌కి 352. ఇది ఇన్వెస్టర్లకి చూపించే గాప్ లెక్కల లాంటిదే కానీ అదే కాదు. గాప్ బ్యాలెన్స్ షీట్ తీసుకొచ్చి ఫామ్ 1లో పోస్తే కుదరదు. ఉదాహరణకి గాప్‌లో అనుబంధ కంపెనీలని కలిపేసి చూపిస్తారు, ఫెర్క్‌లో వాటిని కలపరు, 123.1 ఖాతాలో పెట్టుబడిగా ఒక్క లైనులో ఉంటాయి. పాత స్తంభాలూ పైపులూ పీకేయడానికి ముందే వసూలు చేసుకున్న సొమ్ముని గాప్‌లో రెగ్యులేటరీ బాధ్యత కింద చూపిస్తారు, ఫెర్క్‌లో అది 108లో, అంటే పోగైన తరుగుదలలోనే ఉంటుంది. ఏడాదిలోపు కట్టాల్సిన దీర్ఘకాలిక అప్పు ముక్కని గాప్‌లో విడదీస్తారు, ఇక్కడ విడదీయరు. వాయిదా పడ్డ పన్నులు గాప్‌లో నికరంగా వస్తాయి, ఇక్కడ 190, 282, 283 అని వేర్వేరుగా. కాబట్టి మీరు చేయాల్సిన మొట్టమొదటి వర్క్‌పేపర్ గాప్ నుంచి ఫెర్క్‌కి వెళ్లే వంతెన: ఎడమవైపు గాప్ లైను, కుడివైపు ఫెర్క్ ఖాతా, మధ్యలో ప్రతి సర్దుబాటుకీ కారణం ఒక వాక్యంలో.

ఇక బిల్లు సంగతి. పరిశ్రమ సంఘానికి ఏడాది సభ్యత్వం లక్ష డాలర్లు అనుకోండి. ఇన్వాయిస్ అడుగున చిన్న అక్షరాల్లో ఇందులో 15 శాతం లాబీయింగ్‌కి అని ఉంటుంది. ఆ 15 వేలు 426.4కి వెళ్లాలి, అది లైను కింది ఖాతా, అంటే నిర్వహణ ఖర్చులో కలవదు, సాధారణంగా షేర్‌హోల్డర్లే మోస్తారు. మిగతా 85 వేలు 930.2కి, అది ఇతర సాధారణ ఖర్చుల ఖాతా. బిల్లు కోడ్ చేసే కుర్రాడు అడుగున ఉన్నది చదవకుండా మొత్తం 930.2కి కొట్టేస్తే ఆ 15 వేలు నిర్వహణ ఖర్చులో కలిసి, ఫార్ములా రేటు ఉన్న కంపెనీ అయితే నేరుగా కస్టమర్ల బిల్లుల్లోకి పాకుతాయి. ఫార్ములా రేటు అంటే ప్రతి ఏడూ ఫామ్ 1 అంకెలు లాక్కుని ట్రాన్స్‌మిషన్ రేటు దానంతటదే తయారయ్యే లెక్క. 15 వేలు పెద్ద మొత్తం కాదు నిజమే. కానీ ఆడిట్‌లో అదొకటి దొరికితే పాతవన్నీ తవ్వుతారు, వడ్డీతో సహా తిరిగి ఇమ్మంటారు.

దీనికంటే కనిపించకుండా దెబ్బకొట్టేది 354వ పేజీ, జీతాల పంపకం. ఆఫీసు ఖర్చుల్లో ట్రాన్స్‌మిషన్ వాటా ఎంత అన్నది చాలా ఫార్ములాల్లో ఈ పేజీ నిష్పత్తితోనే తేలుతుంది. ఒక డిస్ట్రిక్ట్ లైన్ సిబ్బంది టైమ్‌షీట్లలో డిస్ట్రిబ్యూషన్ పనిని ట్రాన్స్‌మిషన్ కోడ్‌కి వేశారంటే తప్పు ఆ జీతాల దగ్గర ఆగదు, కంపెనీ మొత్తం ఆఫీసు ఖర్చు మీద గుణకారమై వస్తుంది. అందుకే ఈ నిష్పత్తి పోయినేడాదితో పోలిస్తే ఒక శాతం కదిలినా ఎందుకో కనుక్కోండి.

ఇంకో మాట, 2025 జనవరి 1 నుంచి ఫెర్క్ ఆర్డర్ 898 అమల్లోకి వచ్చింది. సోలార్, గాలి, బ్యాటరీ నిల్వ, కంప్యూటర్ హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్‌లకి కొత్త ఖాతాలు వచ్చాయి. పోయినేడాది ఫైలు కాపీ కొట్టొద్దనడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు.

గ్యాస్ వాళ్లూ నవ్వుకోనక్కర్లేదు. ఫార్ములా రేటు లేకపోయినా ఫెర్క్ ఫామ్ 2 తీసి కూర్చుని మీ ఆదాయంలోంచి ఖర్చులు తీసేసి ఈక్విటీ మీద రాబడి ఎంతో లెక్కేస్తుంది, మరీ ఎక్కువనిపిస్తే నేచురల్ గ్యాస్ చట్టం 5వ సెక్షన్ కింద విచారణ మొదలుపెట్టొచ్చు, అలా మొదలుపెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

పేజీలు ఒకదానితో ఒకటి మాట్లాడాలి

నింపిన తర్వాత టై-అవుట్ చేయండి. 204 నుంచి 207 పేజీల్లో ఉన్న ఆస్తుల మొత్తం 200వ పేజీ సారాంశానికి, అక్కడి నుంచి బ్యాలెన్స్ షీట్‌కి కలవాలి. 219లో తరుగుదల 200కి కలవాలి. 401వ పేజీలో వచ్చిన కరెంటు, పోయిన కరెంటు సమానం కావాలి. అక్కడ సమానం చేయడానికి "నష్టాలు" లైనుని ప్లగ్‌లా వాడే అలవాటు ఉంటుంది, నష్టాల శాతం ఒక ఏడు 4, మరుసటి ఏడు 7 అయితే ఎవరికైనా అనుమానం వస్తుంది. గ్యాస్‌లో 520వ పేజీ ఇలాంటిదే.

ఇప్పుడు అంతా ఎక్స్‌బిఆర్‌ఎల్, అంటే కంప్యూటర్ చదవగలిగే ఫైల్ ఫార్మాట్. 2019లో ఆర్డర్ 859తో నిర్ణయించి 2021 మూడో త్రైమాసికం నుంచి పాత ఫాక్స్‌ప్రో సాఫ్ట్‌వేర్‌ని పక్కన పెట్టారు. ప్రతి అంకెకీ ట్యాగ్ ఉంటుంది, పోర్టల్ కొన్ని నియమాలతో సరిచూసి ఎర్రర్, వార్నింగ్ అని చెబుతుంది. ఎర్రర్ ఉంటే ఫైలు ముందుకెళ్లదు. వార్నింగ్‌తో వెళ్లిపోతుంది, అందుకే వార్నింగ్‌లే జాగ్రత్తగా చదవాలి. టెస్ట్ ఫైలింగ్ కనీసం వారం ముందే చేయండి. ఫైల్ చేసే మనిషికి కంపెనీ తరఫున అనుమతి ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి, పాత ఉద్యోగి పేరు మీద ఉండిపోతే ఆఖరి రోజు టెన్షన్ మామూలుగా ఉండదు.

ఫుట్‌నోట్లని అలంకారం అనుకోకండి. అసాధారణమైన అంకె ఉంటే మీరే చెప్పేయండి, వాళ్లు అడిగాక చెప్పేదానికంటే బావుంటుంది. ఇవన్నీ బహిరంగ పత్రాలు, ఎవరైనా దింపుకుని చదవొచ్చు. మొదటి పేజీల్లో కంపెనీ అధికారి సంతకం ఉంటుంది, తెలిసి తప్పు చెబితే నేరం. ఆర్థిక పట్టికల మీద బయటి సీపీఏ (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్) లేఖ కూడా వెళ్లాలి, వాళ్ల తేదీ వాళ్లని ముందే అడగండి.

ఫిమ్సా వేరే లోకం

ఇక్కడ డాలర్లు తక్కువ, మైళ్లు ఎక్కువ. గ్యాస్ ట్రాన్స్‌మిషన్ వార్షిక రిపోర్టులో వ్యాసం, ఏ దశాబ్దంలో వేశారు, ఎంత జనసాంద్రత ఉన్న చోటు, గరిష్ఠ పీడనాన్ని ఏ ఆధారంతో నిర్ణయించారు, అన్నీ మైళ్లలో అడుగుతారు. ప్రతి భాగంలో మైళ్ల మొత్తం ఒకటే రావాలి. ఈ డేటా జీఐఎస్ అనే కంప్యూటర్ మ్యాపుల్లోంచి వస్తుంది, మ్యాపులు పాత కాగితాల్లోంచి వచ్చాయి, ఆ కాగితాలు ఎంత నిజమో రిపోర్టు అంతే నిజం. 2010 సెప్టెంబర్ 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో పీజీ అండ్ ఈ అనే కంపెనీ గ్యాస్ పైప్‌లైన్ పేలి 8 మంది చనిపోయారు. కంపెనీ రికార్డుల్లో ఆ ముక్క అతుకు లేని పైపు అని ఉంది, నేల తవ్వి చూస్తే అతుకు వెల్డింగ్ ఉన్న పైపు. ఆ తర్వాతే పీడనం రికార్డులు రుజువు చేయమని గట్టిగా అడగడం మొదలైంది. మీ డేటాలో "తెలియదు" అన్న మైళ్లు ఉంటే "తెలియదు" అనే రాయండి, పక్క ముక్క చూసి ఊహించి నింపకండి.

ప్రమాదం జరిగితే గడువు రోజుల్లో ఉండదు. మరణం, ఆస్పత్రిలో చేర్చాల్సిన గాయం, 30 లక్షల ఘనపు అడుగులు లేదా అంతకంటే ఎక్కువ గ్యాస్ అనుకోకుండా పోవడం, లేదా నిర్ణీత మొత్తానికి చేరిన ఆస్తి నష్టం ఉంటే, నిర్ధారించుకున్న గంటలోపు నేషనల్ రెస్పాన్స్ సెంటర్‌కి (ఇలాంటి ప్రమాదాల కబురు అందుకునే ఫెడరల్ కేంద్రం) చెప్పాలి, 48 గంటల్లో ఆ వివరాలు సరిచేయాలి లేదా ఖరారు చేయాలి, 30 రోజుల్లో రాతపూర్వక రిపోర్టు ఇవ్వాలి. ఆస్తి నష్టం పరిమితి 2021లో 50,000 డాలర్ల నుంచి 1,22,000కి పెరిగింది, అప్పటినుంచి ద్రవ్యోల్బణంతో మారుతోంది, కాబట్టి ఆ ఏడాది అంకె కంట్రోల్ రూమ్ గోడ మీద ఉండాలి. నష్టం ఎంతో కచ్చితంగా తేలేదాకా ఆగడం చాలామంది చేసే తప్పు. ముందు ఫోన్ చేయండి, అంకె తర్వాత సరిచేసుకోవచ్చు.

కరెంటు వాళ్లకి ఇలాంటిదే ఇంధన శాఖ ఫామ్ 417, ఉదాహరణకి 100 మెగావాట్లకి పైగా లోడ్ తీసేయాల్సి వస్తే గంటలోపు.

ఇఐఎ గురించి పెద్దగా చెప్పేది లేదు, ఒక్కటి తప్ప. గ్యాస్ నిల్వల వారపు ఫామ్ 912 చిన్నదే, కానీ దాని మొత్తం గురువారం ఉదయం 10:30కి బయటికి రాగానే మార్కెట్ ధర కదులుతుంది. అక్కడ యూనిట్ పొరపాటు చేస్తే అందరికీ తెలిసిపోతుంది.

ఫైల్ చేశాక తప్పు కనిపిస్తే దాచకండి, అదే పోర్టల్‌లో సరిచేసిన ఫామ్ మళ్లీ వేయొచ్చు. వేసేముందు ఆ అంకె ఫార్ములా రేటులోకి వెళ్తుందో లేదో చూడండి. వెళ్తుంటే రేట్ల టీమ్‌కి ముందు చెప్పాలి, ఎందుకంటే వాళ్లు వచ్చే ఏడాది సర్దుబాటులో ఆ తేడాని వడ్డీతో చూపించాల్సి ఉంటుంది. వర్క్‌పేపర్‌లో పాత అంకె, కొత్త అంకె, ఎవరు కనిపెట్టారు, ఏ బిల్లు దగ్గర మొదలైంది అని నాలుగు లైన్లు రాసి పెట్టండి. మీ తర్వాత వచ్చేవాళ్లకి ఇచ్చే ఫైలులో పోయినేడాది ఫామ్ కంటే ముందు ఆ పేజీ ఉండాలి.