చైనా హోటల్లో దిగుతున్నారా? ఆ కాగితం ముక్క జేబులో ఉందో లేదో చూసుకోండి

పోయిన అక్టోబర్‌లో చైనాలోని గ్వాంగ్‌జౌ ఫెయిర్‌కి (ఏటా రెండుసార్లు జరిగే పెద్ద వ్యాపార ప్రదర్శన, కాంటన్ ఫెయిర్) వెళ్లిన మా పరిచయస్తుడు ఒకాయన, బేగంబజార్‌లో ప్లాస్టిక్ సామాను వ్యాపారం, రాత్రంతా ఊళ్లో దారి తప్పి తిరిగాడు. వయసు 52, షుగర్ మనిషి, ఇన్సులిన్ రూములోనే ఉండిపోయింది. సాయంత్రం యీదె లూ హోల్‌సేల్ వీధిలో బొమ్మలు చూడటానికి ఒక్కడే వెళ్లాడు. ఎనిమిదింటికల్లా ఫోన్ చచ్చిపోయింది. టాక్సీ ఎక్కి హోటల్ పేరు ఇంగ్లీషులో చెప్పాడు. డ్రైవర్ తలూపి తీసుకెళ్లి దించాడు. అదే బోర్డు, అదే రంగు, అదే లాబీ. కానీ ఆయన హోటల్ కాదు, అదే కంపెనీది ఊరికి ఇంకో మూలనున్న బ్రాంచి.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి పాపం ఛార్జర్ ఇచ్చింది. ఫోన్ ఆన్ అయింది, కానీ రోమింగ్ ప్యాక్ లేదు. చైనా నెట్‌లో ఇవి బ్లాక్ కాబట్టి హోటల్ వైఫైలో వాట్సాప్ తెరుచుకోదు, జీమెయిల్ తెరుచుకోదు, గూగుల్ మ్యాప్స్ పనిచేయదు. బుకింగ్ కాగితం జీమెయిల్లోనే ఉంది. చివరికి పోలీసులు వచ్చి పాస్‌పోర్ట్ నంబర్ కొట్టి చూస్తే ఏ హోటల్లో నమోదయ్యాడో దొరికింది. రూముకు చేరేసరికి తెల్లవారుజాము నాలుగున్నర. "అన్నా, చేతులు వణుకుతున్నాయి, సూది కూడా సరిగ్గా పట్టుకోలేకపోయాను" అని మర్నాడు ఫోన్‌లో చెప్పాడు. నేను చూసినవాళ్లలో ఇలా ఇరుక్కున్నది ఈయనతో కలిపి ముగ్గురు. ముగ్గురిదీ ఒకటే తప్పు: దిగిన హోటల్ పేరు చైనీస్‌లో ఉన్న కాగితం జేబులో లేదు.

ఢిల్లీ, కోల్‌కతాల నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా విమానాలు ఐదేళ్ల తర్వాత 2025 చివర్లో మళ్లీ మొదలయ్యాయి. ఏప్రిల్ 15న ఫెయిర్ మొదలవుతుంది, మన ఊళ్ల నుంచి మొదటిసారి వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. వీసా, టికెట్, శాంపిళ్ల సంగతి మీ ఏజెంట్ చెబుతాడు. నేను హోటల్ సంగతే చెబుతాను.

ఆ కాగితం ఏమిటంటే

మీ హోటల్ పేరు, బ్రాంచి పేరు, వీధి, ఫోన్ నంబర్. చైనీస్ అక్షరాల్లో. కాగితం మీద. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ కాదు, కాగితం.

ఎందుకంటే బుకింగ్ యాప్‌లో కనిపించే ఇంగ్లీషు పేరు డ్రైవర్‌కి తెలీదు. ఒక్కో యాప్‌లో ఒక్కో అనువాదం ఉంటుంది. పెద్ద కంపెనీ హోటళ్లకి గ్వాంగ్‌జౌ లాంటి ఊళ్లో పదుల్లో బ్రాంచీలుంటాయి. అసలైన ఆనవాలు చైనీస్ పేరు చివర ఉంటుంది: 'ద్యెన్' అనే అక్షరం, దానికి ముందు ఆ బ్రాంచి ఏ వీధిదో, ఏ మెట్రో స్టేషన్ పక్కనో. ఆ చివరి ముక్క లేకపోతే మిగతా పేరంతా ఉన్నా లేనట్టే.

రిసెప్షన్‌లో విజిటింగ్ కార్డులు పెట్టి ఉంటాయి, రెండు తీసుకోండి. ఒకటి పర్సులో, ఒకటి చొక్కా జేబులో. తాళం కార్డు పెట్టిచ్చే చిన్న కవర్ మీద కూడా పేరుంటుంది, కానీ దానిమీద రూము నంబర్ కూడా రాసి ఉంటుంది కాబట్టి అది బయటికి తీసుకెళ్లకండి. కార్డులు లేవంటే కౌంటర్‌లో వాళ్లచేతే తెల్ల కాగితం మీద రాయించుకోండి. ఎయిర్‌పోర్ట్ నుంచి మొదటిసారి వెళ్లడానికి ఇంటి దగ్గరే ప్రింట్ తీసుకోండి.

ఫోన్ ఎలా చస్తుందంటే

ఇది చాలామందికి తట్టదు. రూములో తలుపు పక్కన గోడకి ఒక గాడి ఉంటుంది, తాళం కార్డు అందులో పెడితేనే కరెంటు. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, కార్డు తీసుకుని టిఫిన్‌కి కిందికి వెళ్తారు. మీరు తలుపు వేసిన కాసేపటికి చాలాచోట్ల ప్లగ్గులకీ కరెంటు పోతుంది. గంట తర్వాత వచ్చి చూస్తే ఫోన్ అలాగే 20 శాతం మీద ఉంటుంది, అదే జేబులో వేసుకుని ఫెయిర్‌కి వెళ్లిపోతారు. రెండో కార్డు అడగండి, ఇస్తారు. ఒకటి గాడిలో ఉంచేసి వెళ్లండి.

బయట ప్రతి షాపులోనూ అద్దెకిచ్చే పవర్ బ్యాంకులు కనిపిస్తాయి కదా అనుకోవద్దు. వాటిని తీసుకోవాలంటే ఫోన్‌తో కోడ్ స్కాన్ చేయాలి. చచ్చిన ఫోన్‌తో ఏం స్కాన్ చేస్తారు?

మన పవర్ బ్యాంకు తీసుకెళ్లొచ్చు, కానీ అక్కడి నుంచి యీవూకో షాంఘైకో దేశంలోపలి విమానం ఎక్కితే 2025 జూన్ 28 నుంచి 3సి గుర్తు (చైనా భద్రతా సర్టిఫికెట్ ముద్ర) లేనిది పట్టుకెళ్లనివ్వరు. సెక్యూరిటీలో తీసేస్తారు. అప్పుడు మళ్లీ ఆ కాగితమే దిక్కు.

చెక్‌-ఇన్ దగ్గర

విదేశీయులను తీసుకోం అని చిన్న హోటళ్లు తిప్పి పంపేవి. అలా పంపకూడదని 2024లో చైనా ప్రభుత్వమే చెప్పింది. అయినా పాస్‌పోర్ట్ ఎలా ఎక్కించాలో తెలియని కౌంటర్లు ఇంకా ఉన్నాయి. రాత్రి పదకొండింటికి సూట్‌కేసుతో రోడ్డు మీద నిలబడే బదులు, బుక్ చేసిన రోజే భారతీయ పాస్‌పోర్ట్ తీసుకుంటారా అని మెసేజ్ పెట్టి అడగండి.

హోటల్ వాళ్లు పాస్‌పోర్ట్ స్కాన్ చేసి మీకు తిరిగి ఇచ్చేయాలి. కౌంటర్‌లో వదిలి రావద్దు. బయట తిరిగేటప్పుడు అది మీ దగ్గర ఉండాలని అక్కడి చట్టం, హైస్పీడ్ రైలెక్కాలన్నా అదే మీ టికెట్. హోటల్ వదిలి తెలిసినవాళ్ల ఫ్లాట్‌లో ఉంటే 24 గంటల్లోపు పోలీసుల దగ్గర మీరే నమోదు చేయించుకోవాలి. హోటల్లో ఉన్నప్పుడు ఆ పని వాళ్లు చేస్తారు.

డిపాజిట్‌ని అక్కడ యాజిన్ అంటారు. నోట్లిస్తే రసీదు తీసుకోండి, అది పోతే వెళ్లే రోజు టెన్షన్.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

అక్కడ ఫోన్‌తో డబ్బు కట్టే యాప్‌లు ఆలీపే, వీచాట్ రెండూ ఇంటి దగ్గరే పెట్టుకోండి. కార్డు ఎక్కించి, పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ పూర్తి చేసి, బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయండి. ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది, కాబట్టి రోమింగ్ తప్పదు. రోమింగ్ డేటాలో వాట్సాప్ కూడా పనిచేస్తుంది.

500 యువాన్లు నోట్ల రూపంలో ఉంచుకోండి, కాగితంతో పాటే.

మందులు ఒక రోజువి ఒంటిమీద. రూములో కాదు.

మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు. అడాప్టర్ కొనుక్కోండి.

శాకాహారులు టిఫిన్ దగ్గర చూసుకోవాలి: ఆవిరి మీద ఉడికించిన తెల్ల బన్ను పైన మడతలు తిరిగి ఉంటే లోపల ఏదో కూరి ఉంటుంది, ఎక్కువగా పంది మాంసం. నున్నగా ఉంటే మామూలుగా మాంతౌ, లోపల ఏమీ ఉండదు. అనుమానముంటే విరిచి చూడండి.

తలుపు కిందనుంచి మసాజ్ కార్డులు తోస్తారు. ముట్టుకోవద్దు. రాత్రి రూము ఫోన్ మోగితే తీగ పీకేయండి. తలుపు గొలుసు వేసుకోండి.

టీ తాగుదాం రమ్మని రోడ్డు మీద నవ్వుతూ పిలిచేవాళ్లతో వెళ్లొద్దు. బిల్లు వేలల్లో వస్తుంది.

తలుపు వెనక మంటలప్పుడు బయటపడే దారి బొమ్మ ఉంటుంది. మెట్ల తలుపు దాకా ఒకసారి నడిచి, తెరుచుకుంటుందో లేదో చూడండి. 2018 ఆగస్టులో హార్బిన్‌లో తెల్లవారుజామున హోటల్ అంటుకుని 20 మంది పోయారు. అల్మారాలో పొగ ముసుగు పెట్టె ఉందో లేదో కూడా చూడండి. వాళ్ల ఒకటో అంతస్తు అంటే మన గ్రౌండ్ ఫ్లోర్.

రూము మారిస్తే కాగితం మార్చనక్కర్లేదు. హోటల్ మారితే పాతది చించేసి కొత్తది రాయించండి. నేను చెప్పిన ఆ ముగ్గురిలో ఒకరి జేబులో కాగితం ఉంది, కానీ అది పాత హోటల్‌ది.

గుంపులో వెళ్లినా సరే ఎవరి కాగితం వాళ్ల జేబులో. ఇంట్లోవాళ్లకి ఒక ఫొటో పంపండి.

కాగితం వెనకవైపు రాయాల్సినవి: పోలీస్ 110, అంబులెన్స్ 120, ఫైర్ 119, ఆ ఊరికి దగ్గరలోని మన కాన్సులేట్ నంబర్, మీతో వచ్చిన ఒకరి నంబర్, మీకున్న జబ్బు పేరు చైనీస్‌లో. పెన్నుతో రాయండి, చెమటకి చెరగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.