పాడేరు కొండల్లో గూడేలకు నడిచి వెళ్లే ముందు

డిసెంబరు రాగానే లంబసింగి మంచు చూసి, అటు నుంచి లోపలి గూడేలకు నడవాలనుకునేవారు ఎక్కువవుతారు. బూట్లు, నీళ్ల సంగతి మీకు తెలిసిందే.

మలేరియా మందుల గురించి ముందే డాక్టరును అడగండి, దోమతెర పట్టుకెళ్లండి. ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం ఉంది. దోమ కుట్టిన వారం, రెండు వారాలకు గానీ జ్వరం రాదు. అప్పటికి మీరు ఇంట్లో ఉంటారు, మామూలు జ్వరమే అనుకుంటారు. ఆ తర్వాత నెలా రెండు నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా, ఏజెన్సీకి, అంటే ఈ గిరిజన ప్రాంతానికి, వెళ్లొచ్చామని చెప్పి వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి.

దారిలో ఎవరి సంచీ మోయవద్దు. ఇవి గంజాయి తనిఖీలు జరిగే దారులు. ‘నాది కాదు’ అంటే ఎవరూ నమ్మరు.

గైడు ఆ చుట్టుపక్కల ఊరివాడేనా, అడగండి. దారి తెలిస్తే చాలదు. కోందు ఆదివాసుల భాష కువి మాట్లాడే గూడెంలో తెలుగు అందరికీ రాదు.

సంత రోజు కనుక్కోండి. ఆ రోజు గూడెంలో పెద్దవాళ్లు ఉండరు. జీపు సులువుగా దొరికేది మాత్రం ఆ రోజే!

ఐదున్నర దాటితే చీకటి. ఫోనులో సిగ్నల్ ఉండదు కాబట్టి, తిరిగి వచ్చే వేళ కింద ఒకరికి చెప్పి కొండెక్కండి.

ఫొటోకు ముందు అడగండి, ముఖ్యంగా పూజా స్థలాల దగ్గర.