సైట్లు ఆగిన కాలంలో పని ఎలా పట్టాలి? వలసపోయే మేస్త్రీల కోసం

సైట్లు మందగించాయంటే చాలు, నారాయణపేట, కోస్గి, మక్తల్, దేవరకొండ దిక్కున మన పిల్లలు చేసేది ఒకటే. ఎవరో ఫోన్ చేసి "పుణెలో పని ఉంది, రా తమ్మీ" అనగానే బ్యాగు సర్దేస్తారు. మూడు నెలలకు తిరిగొచ్చి పైసలు రాలేదని తిట్టుకుంటారు. చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

చేతిలో పని ఉన్నవాడికి, అంటే తాపీ, టైల్స్, సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లంబింగ్, కరెంటు పని తెలిసినవాడికి, మందగొడి రోజుల్లో కూడా పని దొరుకుతుంది. నిజానికి పైసలు లేని బిల్డరే అందరికంటే తొందరగా పిలుస్తాడు. సిమెంటు దుకాణం, స్టీలు దుకాణం, బ్యాంకు అప్పు ఆపేశాక అతనికి ఇంకా అప్పు పెట్టేది మేస్త్రీ ఒక్కడే. కాబట్టి వెతకాల్సింది పైసలిచ్చే పని.

కాగితాలు, సామాను

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, రెండు ఫొటోలు. అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు లేకపోతే చేయించుకోండి, 16 నుంచి 59 ఏళ్ల వాళ్లకు ఇస్తారు, ఒక పూట పని. భవన నిర్మాణ కార్మికుల కార్డుకు వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి, వెనకటి 12 నెలల్లో 90 రోజులు పనిచేసి ఉండాలి. రేషన్ కార్డు నంబరు రాసిపెట్టుకోండి, అది కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిందైతే వేరే రాష్ట్రంలోనూ బియ్యం తీసుకోవచ్చు.

సర్టిఫికెట్ సంగతి చాలామంది అడుగుతారు. న్యాక్ అనే నిర్మాణ పనుల శిక్షణ సంస్థలో శిక్షణ తీసుకుంటే మంచిదే, పెద్ద కంపెనీలో చేరాలన్నా, విదేశాల్లో పనులకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా బయటి దేశాలకు పోవాలన్నా అక్కరకొస్తుంది. మామూలు సైట్లో మాత్రం తాపీ చేతికిచ్చి పది అడుగుల గోడ చూస్తారు, అంతే.

చేతి సామాను సొంతది ఉండాలి. కటింగ్ మిషన్ తీసుకుపోవద్దు. మీ మిషన్ వాళ్ల గదిలో ఉందంటే, పైసలాపినా మీరు కదలరని వాళ్లకు తెలుసు.

ఏ పని ఆగింది, ఏది నడుస్తోంది

మార్కెట్ పడిపోతే ముందు ఆగేది కొత్త పునాదులు. అందుకే సెంట్రింగ్, రాడ్ బెండింగ్ వాళ్లకు మొదటి దెబ్బ. లేచిన భవనాలను ఎలాగో పూర్తిచేసి అమ్ముకోవాలి కాబట్టి టైల్స్, రంగులు, ప్లంబింగ్ ఇంకొంత కాలం సాగుతాయి. కొత్త ఇల్లు కొనలేనివాళ్లు పాతది బాగు చేయించుకుంటారు, కాబట్టి మరమ్మతులు, స్లాబు కారకుండా చేసే పనులు పెరుగుతాయి. రాడ్ పని చేసేవాళ్లు ఇలాంటప్పుడు వాటర్‌ప్రూఫింగ్ గుంపులో చేరాలి. చిన్నతనం అనుకునేవాళ్లు ఇంటి దగ్గరే ఉంటున్నారు.

ఎవరిని అడగాలి

పొద్దున కూలీలు పని కోసం నిలబడే అడ్డా మీద నిలబడొద్దు. పని ఉన్న రోజుల్లో అడ్డా బాగానే ఉంటుంది, లేని రోజుల్లో అది రేటు పడగొట్టే జాగా. ఒక్క కారు ఆగితే ఇరవైమంది చుట్టూ మూగుతారు, అందులో ఒకడు సగం కూలికి ఒప్పుకుంటాడు, రేపటి నుంచి అందరికీ అదే రేటు. ఏజెంట్ల సంగతి ఎత్తను.

నా పద్ధతి వేరు. టైల్స్ దుకాణం, హార్డ్‌వేర్ దుకాణం, స్టీలు దుకాణం, ఈ మూడింటిలో అడగాలి. ఏ సైటుకు సరుకు పోతోందో, ఎవరి చెక్కు చెల్లుతోందో, ఎవరు పాత బాకీ కట్టకుండా కొత్త దుకాణం వెతుక్కున్నారో వాళ్లకే తెలుసు. దుకాణదారు "ఆయనకు నేను నగదుకే ఇస్తున్న" అన్నాడంటే మీరూ నగదుకే పోవాలి. దుకాణానికి మధ్యాహ్నం మూడింటి తర్వాత వెళ్లండి. పొద్దున లోడింగ్ హడావిడిలో ఎవరూ మాట్లాడరు. సోమవారం అస్సలు వద్దు.

దూరపు ఊరైతే అక్కడి మనవాళ్లను పట్టుకోవాలి. ముంబయిలో కామాఠీపురకు ఆ పేరు తెలంగాణ నుంచి వలసపోయిన కామాఠీ కూలీల వల్లే వచ్చింది, అంత పాత దారి అది. ఒక షరతు. పిలిచిన మేస్త్రీని కాదు, పోయినేడు అతని కింద పనిచేసిన మనిషిని అడగండి. "చివరి బిల్లు వచ్చిందా?" ఒక్క ప్రశ్న చాలు. అవతలివాడు కాసేపు ఆలోచించాడంటే రాలేదన్నట్టే.

సైటు బోర్డు మీది రెరా నంబరు, అంటే బిల్డర్ల ప్రాజెక్టులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ ఇచ్చే నంబరు, ఫొటో తెప్పించుకోండి. 500 చదరపు మీటర్ల స్థలం గానీ 8 ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టుకు ఆ నంబరు ఉండాల్సిందే. రెరా వెబ్‌సైట్‌లో పెడితే బిల్డరు పేరు, పూర్తి చేస్తానన్న తేదీ కనిపిస్తాయి. గడువు దాటి, పొడిగింపు మీద పొడిగింపు తీసుకున్న సైటుకు ఖర్చీ మీద, అంటే వారం వారం తిండి పైసలు మాత్రమే తీసుకుని మిగతా కూలి బాకీ పెట్టి, పోకండి.

మాట ఖాయం చేసుకోవడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. బస్సు ఎక్కేముందు చేయాల్సిన పనిని, రాయచూరు పోయి రైలెక్కి, దిగి, గదిలో సామాను పెట్టి, రెండు రోజులు పనిచేశాక "అన్నా, రేటెంత?" అని మొదలుపెడతారు. అప్పటికి మీ చేతిలో ఏమీ మిగలదు. "వచ్చినంక చూసుకుందాం" అన్నవాడితో మాట అక్కడే ఆపేయండి.

మొదటిది అడ్వాన్స్. మందగొడి రోజుల్లో అడ్వాన్స్ ఇస్తానంటే సంతోషపడకండి, ఎందుకిస్తున్నాడో ఆలోచించండి. పనులు లేని కాలంలో ముప్పై వేలు చేతిలో పెట్టాడంటే, సీజనంతా తక్కువ కూలికి కట్టేసుకున్నాడని అర్థం. అడ్వాన్స్ చూపి మనిషిని పనిలోంచి పోనివ్వకపోవడం 1976 వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. అయినా పరాయి ఊళ్లో చట్టం చదివి వినిపించే ఓపిక ఎవరికుంటుంది? దారి ఖర్చులు తప్ప ఏమీ తీసుకోకపోవడమే మేలు.

రెండోది ఖర్చీ. వారం వారం తిండికిచ్చే ఈ పైసలే చాలామందిని ముంచాయి. లెక్క చూడండి. రోజు కూలి 900 అనుకుందాం, వారానికి ఆరు రోజులు, 5,400. ఖర్చీ 1,500 ఇచ్చి మిగతాది "పని అయినంక" అంటాడు. వారానికి 3,900 వాడి దగ్గరే ఉండిపోతుంది. ఎనిమిది వారాలకు 31,200. నలుగురి గుంపైతే 1,24,800. మీరు బిల్డరుకు వడ్డీ లేకుండా లక్షా పాతిక వేలు అప్పిచ్చారన్నమాట, అదీ బ్యాంకు ఇవ్వనంటున్న సమయంలో. అందుకే నా గుంపులో ఒకే నియమం: బాకీ రెండు వారాల కూలి దాటకూడదు, దాటిన రోజు తాపీ కింద పెట్టాలి. ఈ మాట ముందే చెప్పాలి, నవ్వుతూనే చెప్పాలి. మధ్యలో చెబితే గొడవ, ముందు చెబితే షరతు.

మూడోది, రోజు కూలా, గుత్తా? పనులు జోరుగా ఉంటే గుత్తలో నాలుగు పైసలు మిగులుతాయి. మందగించినప్పుడు గుత్త వద్దు. సిమెంటు రాక రెండు రోజులు, ఇసుక రాక నాలుగు రోజులు ఊరికే కూర్చుంటే ఆ నష్టం మీది. రోజు కూలికి ఒప్పుకుని, సరుకు లేక ఆగిన రోజుకు కనీసం సగం కూలి అడగండి. ఇస్తానన్నవాడి దగ్గర సరుకు సమయానికి వస్తుంది.

గుత్తకే పోక తప్పదంటే కొలత పద్ధతి ముందే తేల్చుకోండి. ప్లాస్టరింగ్‌లో కిటికీలు, తలుపుల ఖాళీని కొలతలోంచి తీసేసే కోత దగ్గరే పేచీ వస్తుంది. ఐఎస్ 1200 అనే ప్రమాణం ప్రకారం 0.5 చదరపు మీటర్ల లోపు ఖాళీకి, అంటే సుమారు ఐదున్నర చదరపు అడుగుల దాకా, కోత లేదు. అక్కడి నుంచి 3 చదరపు మీటర్ల దాకా, గోడకు రెండు వైపులా ఒకే ప్లాస్టరింగ్ చేస్తే ఒక వైపే కోస్తారు, కిటికీ లోపలి అంచులకు మాత్రం విడిగా ఇవ్వరు. ఇది తెలియనివాడికి రెండు వైపులా కోసి పంపిస్తారు. టైల్స్‌లో స్కర్టింగ్, అంటే గోడ అడుగున వేసే పట్టీ, అడుగుల్లోనా, చదరపు అడుగుల్లోనా? పరంజా ఎవరు కడతారు? కటింగ్ బ్లేడు ఖర్చు ఎవరిది? ఇవన్నీ అడిగితే "ఇంత లెక్కలోడివా" అంటారు. అననివ్వండి.

ఇవన్నీ అయ్యాక వాట్సాప్‌లో తెలుగులోనే మెసేజ్ పెట్టండి: రేటు ఇంత, పని గంటలు ఇన్ని, ప్రతి శనివారం ఇంత ఇవ్వాలి, బాకీ ఇంత దాటకూడదు, గది, రాకపోకల ఖర్చు మీవి. అవతలి నుంచి "సరే" అని రాసి రావాలి. బొటనవేలు పైకెత్తిన బొమ్మ చాలదు. అంతర్రాష్ట్ర వలస కార్మికులకు ఫొటోతో పాస్‌బుక్ ఇచ్చి కూలి, కోతలు రాయాలని 1979లోనే చట్టం చేశారు. ఆ పుస్తకం చూసిన మేస్త్రీ నాకింకా తగల్లేదు. ఈ మెసేజే మీ పాస్‌బుక్ అనుకోండి.

పైసలు బ్యాంకు ఖాతాలోకే అడగండి. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దైనప్పుడు ఎన్నో సైట్లలో కూలి పాత నోట్లలోనే ఇచ్చారు, వాటిని పట్టుకుని లైన్లలో నిలబడ్డది మనమే.

దిగాక

మొదటి శనివారమే పరీక్ష. ఖర్చీ కాదు, మాట్లాడుకున్న మొత్తం రావాలి. సోమవారం ఇస్తానంటే సోమవారం దాకా గదిలో కూర్చోండి, పనిలోకి దిగొద్దు. హాజరు మీ నోటుబుక్కులో రోజూ రాసుకుని, వారానికోసారి సూపర్‌వైజర్ సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే రోజూ సైట్లో నిలబడి ఫొటో దిగండి, ఫోన్‌లో తేదీ ఉంటుంది.

బాకీ గీత దాటితే మిమ్మల్ని పిలిచిన మేస్త్రీతో వారాల తరబడి వాదించొద్దు. అతనికీ పైనుంచి రాలేదని అంటాడు, చాలాసార్లు అది నిజమే. పెద్ద సైట్లలో కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది, 2025లో దాని చోట వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంచారు. అందుకే బోర్డు మీది బిల్డరు పేరు కావాలన్నది. గుంపంతా కలిసి అతని ఆఫీసుకు పోండి, అక్కడ కాకపోతే ఆ ఊరి లేబర్ ఆఫీసుకు. రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకున్నాకే ఊరి బస్సెక్కండి. ఊరికొచ్చి ఇక్కడి నుంచి ఫోన్లు చేస్తే రెండోసారి ఎవరూ ఎత్తరు.