కోడి ఈకలు పీకే పని పిల్లలకు ఇవ్వండి

ఇంట్లో కోడిని కోసినప్పుడు ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఈకలు పీకే పని ఇవ్వండి. కత్తి, వేడినీళ్లు మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. నీళ్లు 63–65 డిగ్రీల సెల్సియస్ ఉండగా కోడిని కాళ్లు పట్టుకుని ముంచి, 45 సెకన్ల నుంచి నిమిషం దాకా పైకీ కిందికీ ఆడించండి. ఆ లెక్క చిన్నవాళ్లు పెడతారు. తోక ఈక లాగితే సులువుగా ఊడిరావాలి. మరిగే నీళ్లలో ముంచితే చర్మం ఉడికిపోయి, లాగగానే చిరుగుతుంది. పాపం, పిల్లలేమో తప్పు తమదే అనుకుంటారు. ముందు రెక్కలు, తోక పీకించండి, ఆలస్యమైతే అవే బిగుసుకుంటాయి. గుప్పెడు కాకుండా నాలుగైదు ఈకలే పట్టుకుని, అవి మొలిచిన వైపుకే లాగమనండి. రొమ్ము దగ్గర రెండో చేత్తో చర్మాన్ని అదిమిపట్టాలి. ఆ చేతులు నోటికి, కళ్లకు తగలనివ్వకండి. అవ్వగానే సబ్బుతో 20 సెకన్లు కడిగించండి.