స్క్రీన్‌షాట్ సర్వీసులో ప్రీమియం ఆప్షన్లు: వేటికి డబ్బు కట్టాలి, ఎలా అమర్చుకోవాలి

లింకుల డైరెక్టరీ నడిపేవారికీ, తాము తయారుచేసిన సైట్లను వరుసగా చూపించాలనుకునే డిజైనర్లకూ ప్రతి లింకు పక్కన ఆ సైటు బొమ్మ ఒకటి చిన్నదిగా కనిపించడం అవసరం. పేజీ అడ్రసును ఏపీఐ (ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాముతో మాట్లాడే మార్గం) ద్వారా పంపితే, సర్వర్లో తెర లేకుండా నడిచే క్రోమ్ లాంటి బ్రౌజర్ ఆ పేజీని తెరిచి, స్క్రీన్‌షాట్ తీసి, కోరిన సైజుకు కుదించి తిరిగి పంపే సర్వీసులు ఇందుకోసమే ఉన్నాయి. ఉచిత ప్లాన్లలో సాధారణంగా సైజుల ఎంపిక తక్కువగా ఉంటుంది, బొమ్మ మీద సర్వీసు ముద్ర పడుతుంది, నెలకు ఇన్నే స్క్రీన్‌షాట్లన్న పరిమితి ఉంటుంది. డబ్బు కట్టే ప్లాన్‌లోకి వెళ్లగానే ఆప్షన్ల జాబితా ఒక్కసారిగా పెరిగిపోతుంది. అయితే వాటన్నిటికీ ఒకే విలువ లేదు. బొమ్మ సరిగ్గా రావడానికి పనికొచ్చేవి కొన్ని, నెల బిల్లును నిర్ణయించేవి కొన్ని ఉంటాయి. ముందు వీటిని తేల్చుకుంటే మిగిలినవాటి గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు.

డబ్బు కట్టేముందు పరీక్ష కోసం పదీ పన్నెండు పేజీలను ఎంచుకోవాలి. సర్వీసులు తమ హోమ్ పేజీలో చూపించే నమూనాలు ఎప్పుడూ బాగానే ఉంటాయి కాబట్టి, మీ జాబితాలోనే మొండి పేజీలను ఏరి పెట్టుకోవాలి: కుకీల అనుమతి అడిగేది ఒకటి, చాలా పొడవైనది ఒకటి, కిందికి జరిపితే తప్ప బొమ్మలు లోడ్ కానిది ఒకటి, పైభాగంలో వీడియో నడిచేది ఒకటి, మరో అడ్రసుకు మళ్లించేది ఒకటి, తెలుగు, అరబిక్, చైనీస్ లాంటి లిపుల్లో ఉన్నవి రెండు మూడు. ఈ చివరి రకాన్ని వదిలిపెట్టకూడదు. స్క్రీన్‌షాట్ తీసే సర్వర్లో ఆ లిపికి తగిన ఫాంటు లేకపోతే, పేజీ తన ఫాంటును తనే పంపుకుంటే తప్ప, అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు వస్తాయి. ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా ఈ లోపం దానంతటదే పోదు.

తెర కొలత, బొమ్మ కొలత

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. వ్యూపోర్ట్ అంటే పేజీని తెరిచే ఊహాత్మక తెర కొలత. థంబ్‌నెయిల్ సైజు అంటే చివరికి మీ చేతికొచ్చే బొమ్మ కొలత. 320 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ కావాలని వ్యూపోర్ట్‌నే 320గా పెడితే, సైటు దాన్ని ఫోను అనుకుని మూడు గీతల మెనూతో మొబైల్ రూపాన్ని చూపిస్తుంది. డెస్క్‌టాప్ రూపం చిన్నదిగా కనిపించాలంటే వ్యూపోర్ట్‌ను 1280 × 800గా, బొమ్మను 320 × 200గా ఇవ్వాలి. రెండింటి నిష్పత్తీ ఒకటే కాబట్టి బొమ్మ సాగదు, అంచులు తెగిపోవు. నిష్పత్తి మారినప్పుడు, ఉదాహరణకు చతురస్రం అడిగినప్పుడు, సర్వీసు బొమ్మను కత్తిరిస్తుందో, నొక్కేస్తుందో, ఖాళీ చోట రంగు నింపుతుందో ముందే చూసుకోవాలి. కత్తిరించే పక్షంలో పైభాగం నిలిచేలా అమర్చుకోవడం మంచిది, ఎందుకంటే ఏ సైటునైనా గుర్తుపట్టించే లోగో ఉండేది అక్కడే.

రెటీనా లేదా హై డెన్సిటీ పేరుతో అమ్మే ఆప్షన్‌కు లెక్క వేరు. డివైస్ స్కేల్‌ను, అంటే తెర కొలతను బొమ్మలో ఎన్నింతలు చేయాలన్న సంఖ్యను, 2 చేస్తే 1280 × 800 తెర 2560 × 1600 బొమ్మగా వస్తుంది, అంటే పిక్సెళ్లు నాలుగింతలవుతాయి. మీ సైటులో 320 వెడల్పుతో చూపించే థంబ్‌నెయిల్‌కు సాంద్రత ఎక్కువగా ఉన్న తెరల మీద కూడా 640 వెడల్పు సరిపోతుంది. అది మామూలు 1280 స్క్రీన్‌షాట్ నుంచే వచ్చేస్తుంది. థంబ్‌నెయిళ్ల కోసమైతే ఈ ఆప్షన్‌కు అదనంగా కట్టడం వృథా. మొబైల్ రూపాన్ని పెద్దదిగా చూపించాలనుకున్నా, పేజీలో ఒక భాగాన్ని మాత్రమే తీసి అసలు సైజులోనే పెట్టాలనుకున్నా అప్పుడు దానికి అర్థం ఉంటుంది. మొబైల్ రూపం కోసం వెడల్పును తగ్గిస్తే అన్ని సైట్లకూ చాలదు, యూజర్ ఏజెంట్‌ను (బ్రౌజర్ తానెవరో సైటుకు చెప్పుకునే వరుసను) కూడా ఫోనుదిగా మార్చాలి; కొన్ని సైట్లు దాన్ని చూసే ఏ పేజీ పంపాలో నిర్ణయిస్తాయి.

ఎప్పుడు క్లిక్ కొట్టాలి

సగం లోడైన బొమ్మ, తెల్లని ఖాళీ పెట్టె, గుండ్రంగా తిరిగే లోడింగ్ గుర్తు: ఈ మూడింటికీ సాధారణంగా కారణం ఒకటే, స్క్రీన్‌షాట్ తొందరపడి తీయడం. పేజీ లోడ్ పూర్తయిందని బ్రౌజర్ చెప్పిన తర్వాత కూడా జావాస్క్రిప్ట్‌తో నడిచే సైట్లు అసలు విషయాన్ని ఇంకా తెచ్చుకుంటూనే ఉంటాయి. అందుకే ప్రీమియం ప్లాన్లలో నెట్‌వర్క్ సద్దుమణిగే దాకా ఆగే ఆప్షన్ ఉంటుంది. క్రోమ్‌ను ప్రోగ్రాముతో నడిపించడానికి గూగుల్ క్రోమ్ బృందం 2017లో విడుదల చేసిన పప్పెటీర్ అనే సాధనంలో దీనికి రెండు రకాలున్నాయి: కనీసం 500 మిల్లీసెకన్ల పాటు ఒక్క కనెక్షన్ కూడా నడవకూడదన్నది ఒకటి, రెండు కనెక్షన్ల వరకు నడిచినా ఫరవాలేదన్నది మరొకటి. చాలా సర్వీసుల్లో ఈ ఆప్షన్ ఇదే పద్ధతిలో కనిపిస్తుంది. వినడానికి మొదటిదే పటిష్ఠంగా అనిపించినా, చాట్ పెట్టె ఉన్న పేజీల్లోనూ, క్షణ క్షణానికీ సర్వర్‌ను పలకరించే పేజీల్లోనూ ఆ నిశ్శబ్దం ఎప్పటికీ రాకపోవచ్చు. అప్పుడు గడువు తీరి అభ్యర్థన విఫలమవుతుంది. ఇతరుల సైట్ల విషయంలో రెండో రకాన్ని ఎంచుకుని, దానికి ఒకటి రెండు సెకన్ల ఆలస్యం కలిపి, మొత్తం మీద ఒక గరిష్ఠ గడువు పెట్టడం క్షేమం. మీ సొంత పేజీలైతే ఇంతకంటే మంచి మార్గముంది: ఫలానా సీఎస్‌ఎస్ సెలెక్టర్‌కు (పేజీ రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్ కోడ్‌లో ఒక భాగాన్ని గుర్తించే పేరు) సరిపోయే భాగం కనిపించే దాకా ఆగమని చెప్పవచ్చు. పేజీ సిద్ధమైనప్పుడే బయటపడే ఎలిమెంట్ ఒకటి మీకు తెలిసి ఉంటుంది కాబట్టి, అంచనాల మీద ఆధారపడాల్సిన అవసరం ఉండదు.

పేజీ మొత్తాన్ని పై నుంచి కింది దాకా తీసే ఆప్షన్ థంబ్‌నెయిళ్లకు పనికిరాదు. 1280 వెడల్పులో 12,000 పిక్సెళ్ల పొడవున్న పేజీని 320కి కుదిస్తే 3,000 పిక్సెళ్ల పొడవైన రిబ్బను వస్తుంది. పాత రూపాలను భద్రపరచడానికో, డిజైన్ మార్పులను పోల్చి చూడటానికో ఇది కావాలనుకుంటే, తీసేముందు పేజీని కిందిదాకా జరిపే ఆప్షన్ కూడా దానితోపాటు ఉందో లేదో చూడాలి. అది లేకపోతే ఆలస్యంగా లోడయ్యే బొమ్మల చోట బూడిదరంగు గడులు మిగులుతాయి. ఎంత జరిపినా అంతులేకుండా పెరిగే పేజీలకు గరిష్ఠ పొడవు పెట్టాలి. వెబ్‌పీ ఫార్మాట్‌లో బొమ్మ ఏ వైపూ 16,383 పిక్సెళ్లు దాటడానికి వీల్లేదన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. అంతకంటే పొడవైన పేజీలను పీఎన్‌జీలోనో జేపెగ్‌లోనో తీయాలి.

కుకీల నోటీసును దాచే ఆప్షన్ నిజంగా డబ్బుకు తగినదే. అయితే నోటీసును మాత్రమే దాచి, దాని వెనక పేజీ మీద పరిచిన మసక తెరను వదిలేసే సర్వీసులు ఉంటాయి. అలాంటప్పుడు సొంత సీఎస్‌ఎస్ జోడించే వీలుంటే ఆ తెరను కూడా మీరే తీసేయవచ్చు. సర్వర్ ఏ దేశంలో ఉందన్న దాన్ని బట్టి నోటీసు రావడం రాకపోవడం, పేజీ భాష, కరెన్సీ మారుతుంటాయి. దేశాన్ని ఎంచుకునే ఆప్షన్ ఖరీదు ఎక్కువైతే, ముందు అభ్యర్థనతో పాటు వెళ్లి భాషను తెలిపే హెడర్‌ను మార్చి చూడండి, పేజీ భాష ఒక్కటే మారాలంటే చాలా సందర్భాల్లో అదే సరిపోతుంది. ఒక పేజీ ఫలానా రోజున ఎలా ఉందో రుజువుగా దాచుకునే పని అయితే మాత్రం దేన్నీ దాచకూడదు, ప్రకటనలను కూడా ఉన్నవున్నట్టే ఉంచాలి.

బిల్లును నిర్ణయించేది తాజాదనం

సర్వీసు ఒకసారి తీసిన బొమ్మను కొంతకాలం దాచి ఉంచి, మళ్లీ అడిగినప్పుడు దాన్నే ఇస్తుంది. సాధారణంగా కొత్తగా తీసినప్పుడే కోటా నుంచి ఒకటి తగ్గుతుంది. కాబట్టి ఇలా దాచి ఉంచే కాలమే, అంటే కాషె గడువే, మీ ఖర్చును నిర్ణయిస్తుంది. రెండు వేల లింకులున్న డైరెక్టరీలో బొమ్మలను రోజూ తాజాపరిస్తే 30 రోజుల నెలకు 60,000 స్క్రీన్‌షాట్లవుతాయి. వారానికొకసారి అయితే సగటున 8,700 లోపే. చాలా సైట్ల హోమ్ పేజీ రూపం నెలల తరబడి మారదు. వార్తా సైట్లకు రోజు, మిగిలినవాటికి నెల అని విడదీసి పెడితే చవకైన ప్లాన్‌తోనే పని జరిగిపోతుంది. గడువును చాలా సర్వీసులు సెకన్లలో అడుగుతాయి: రోజుకు 86,400, వారానికి 6,04,800.

కోటా తెలియకుండా కారిపోయే చోటు ఇంకొకటుంది. అడ్రసు ఒక్క అక్షరం తేడాగా ఉన్నా సర్వీసు దాన్ని వేరే పేజీగానే లెక్కించవచ్చు. చివర ఏటవాలు గీత (/) ఉన్నదీ, లేనిదీ, ప్రచారాల నుంచి వచ్చిన ట్రాకింగ్ తోక తగిలించుకున్నదీ పంపితే ఒకే పేజీకి మూడు స్క్రీన్‌షాట్ల ఖర్చు పడుతుంది. పంపేముందే అడ్రసులన్నిటినీ ఒకే రూపానికి తెచ్చుకోవాలి. సైజులను కూడా కొన్ని సర్వీసులు విడివిడిగా లెక్కిస్తాయి కనుక, పెద్ద బొమ్మను ఒక్కసారి తీసుకుని చిన్న సైజులను మీ సర్వర్లోనే తయారుచేసుకోవడం మేలు.

మొదటిసారి అడిగినప్పుడు బొమ్మ సిద్ధంగా లేకపోతే, కొన్ని సర్వీసులు దాని స్థానంలో "తయారవుతోంది" అనే తాత్కాలిక బొమ్మను పంపుతాయి. దాన్ని మీ సీడీఎన్ (మీ సైటు ఫైళ్ల కాపీలను దాచి సందర్శకులకు అందించే సర్వర్ల వ్యవస్థ) అసలు బొమ్మ అనుకుని వారం పాటు దాచుకుంటే, సందర్శకులకు ఆ వారమంతా అదే కనిపిస్తుంది. ప్రీమియం ప్లాన్‌లో ఈ తాత్కాలిక బొమ్మను మీ సైటుకు తగ్గట్టు మార్చుకోనిస్తారు, కానీ దానికంటే వెబ్‌హుక్ ఎంతో విలువైనది. పని పూర్తయ్యాక సర్వీసే మీకు కబురు పంపుతుంది, అప్పుడే మీరు బొమ్మను తెచ్చుకుని పెట్టుకోవచ్చు. విఫలమైన ప్రయత్నాలు కోటాలో పడతాయా, అవతలి సైటు 404 (పేజీ దొరకలేదన్న సందేశం) చూపిస్తే దానికి కూడా బొమ్మ తీసి లెక్క రాస్తారా అన్నది సర్వీసు వారిని ముందే అడిగి తెలుసుకోవాలి.

తాళంచెవి, అనుమతులు

ఏపీఐ కీని (సర్వీసు మీ ఖాతాను గుర్తించే సంకేతాన్ని) నేరుగా పేజీ కోడ్‌లోని ఇమేజ్ ట్యాగ్‌లో పెడితే, పేజీ సోర్స్ చూసిన ఎవరైనా దాన్ని ఎత్తుకెళ్లి మీ కోటాను వాడుకోగలరు. రెఫరర్ (అభ్యర్థన ఏ పేజీ నుంచి వచ్చిందో తెలిపే హెడర్) చూసి అడ్డుకునే ఆప్షన్ కొంతవరకే పనిచేస్తుంది, ఆ హెడర్‌ను బ్రౌజర్ బయట ఎలాగైనా రాసి పంపవచ్చు. సంతకం చేసిన లింకులు, అంటే రహస్య కీతో హెచ్‌మ్యాక్ (ఆ కీ ఉన్నవారే తయారుచేయగల ముద్ర) లెక్కించి అడ్రసుకు జోడించేవి, దీనికంటే నమ్మదగినవి. ఎవరైనా పేజీ అడ్రసును మార్చితే సంతకం చెల్లదు. లాగిన్ అయితే తప్ప కనిపించని పేజీలను తీయడానికి కుకీలు ఇవ్వాల్సి వస్తే, మీ సొంత ఖాతావి ఎన్నడూ ఇవ్వకండి. చదవడానికి మాత్రమే హక్కున్న పరీక్ష ఖాతా ఒకటి తెరిచి దానివి ఇవ్వండి.

బాట్లను అడ్డుకునే సైట్లను దాటుకుని వెళ్లే ఆప్షన్‌ను కూడా కొందరు ఎక్కువ ధరకు అమ్ముతారు. వద్దన్న సైటులోకి దొడ్డిదారిన వెళ్లడం మంచిది కాదు, పైగా ఆ ఆప్షన్ ఈ రోజు పనిచేసి రేపు ఆగిపోవచ్చు. అటువంటి లింకులకు ఆ సైటు వారినే ఒక బొమ్మ అడిగి తెచ్చుకుని పెట్టే వీలు మీ డైరెక్టరీలో కల్పిస్తే సరిపోతుంది.

ప్లాన్ తీసుకునేటప్పుడు ఏడాదికి కాకుండా నెలకే కట్టండి. కోటా దాటితే సర్వీసు ఆగిపోతుందో, అదనపు బిల్లు వేస్తుందో చూసి, 80 శాతం వాడకం దగ్గర హెచ్చరిక వచ్చేలా పెట్టుకోండి. వచ్చిన బొమ్మలను సర్వీసు లింకు ద్వారా చూపించకుండా మొదటి రోజు నుంచే మీ సొంత స్టోరేజ్‌లోకి కాపీ చేసుకోండి; ప్లాన్ రద్దు చేసుకున్నా, సర్వీసే మూతపడినా డైరెక్టరీలోని బొమ్మలు అలాగే ఉంటాయి.